మావాడి బుర్ర, వాళ్ల ఖర్మ

తెనాలి వైపు ఒక పెళ్లిలో రెండో బంతి కోసం కాచుకుని కూర్చున్నప్పుడు, కొడుకు డల్లాస్‌లో ఉన్న పెద్దాయన ఒకరు "మావాడిది బుర్రండీ, మేం చేసిందేం లేదు" అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకు జగిత్యాల బస్సులో పక్క సీటాయన, దుబాయ్ నుంచి ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన తమ్ముడి గురించి "వాని నసీబు గట్లుంది" అన్నాడు. ఒకరిది గర్వం, ఇంకొకరిది దుఃఖం. లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే. జరిగిందంతా ఆ మనిషిని బట్టే జరిగిందని. వలసల గురించి మన ఇళ్లలో నడిచే కబుర్లు చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తాయి.

అపోహ: తెలుగువాళ్లకు కంప్యూటర్ బుర్ర పుట్టుకతోనే ఉంది. అందుకే అమెరికా నిండా మనవాళ్లే.

వాస్తవం: ఆ బుర్ర 1950లోనూ ఉండే ఉంటుంది కదా! కానీ అప్పట్లో భారతీయులకు అమెరికా పెట్టిన కోటా ఏడాదికి 100 మంది. మన దేశం మొత్తానికీ కలిపి. 1965లో ఆ చట్టం మారింది. మరుసటి ఏడాదే వృద్ధుల వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టే మెడికేర్ అక్కడ మొదలైంది, ఆసుపత్రులకు డాక్టర్లు చాలలేదు. మన గుంటూరు మెడికల్ కాలేజీ పుట్టింది 1946లో. అక్కడ తలుపు తెరుచుకునేసరికి ఇక్కడ డాక్టర్లు తయారై ఉన్నారు. అలా ముందు వెళ్లినవాళ్లే, ఆ తర్వాత వచ్చిన చుట్టాలకు ఎయిర్‌పోర్టులో ఎదురొచ్చి ఇంట్లో చోటిచ్చారు.

మరి చదివించే స్తోమత ఎక్కడిది? 1832-33 కరువుకు గుంటూరు సీమ సగం ఖాళీ అయినంత పనైంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. కాలువలు పారాయి. వడ్ల మీద మిగిలిన డబ్బు మెల్లగా రైస్ మిల్లయింది, సినిమా హాలయింది, పట్నంలో కులం హాస్టలయింది, చివరికి ఇంజనీరింగ్ కాలేజీ అయింది. అయితే కాలువ ఊరందరికీ ఒకేలా పారలేదు. పొలం ఉన్నవాళ్లకు నీళ్లొచ్చాయి, దళితవాడకు నాట్లూ కోతలూ వచ్చాయి. ఆ పెద్దాయన కొడుకుతో పాటు అదే బళ్లో చదివి, అంతకంటే బాగా లెక్కలు చేసి, పదో తరగతి తర్వాత కూలికి వెళ్లిన కుర్రాడు ఒక్కడైనా ఆ ఊళ్లో లేకుండా ఉంటాడా?

బుర్ర ఒక్కటే చాలదనడానికి ఇంకో రుజువు కూడా ఉంది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. ఇంట్లో డిగ్రీ మొహం చూడని కుటుంబాల నుంచి పిల్లలు బీటెక్‌లు చేశారు. ఆ ఇళ్లలో బుర్రలు సరిగ్గా ఆ ఏడాదే మొలిచాయనుకోవాలా?

అపోహ: ఎవరి సాయమూ లేకుండా వాడంతట వాడే పైకొచ్చాడు.

వాస్తవం: ఒక ఇంట్లో ఇద్దరన్నదమ్ములు ఉన్నారనుకోండి. అన్న 1998లో కంప్యూటర్ కోర్సు పూర్తిచేశాడు. అప్పుడు కంపెనీలన్నిటికీ 2000 సంవత్సరం తేదీల గండం, ప్రోగ్రామర్లు దొరికితే చాలు. హెచ్‌-1బి వీసాల పరిమితిని కూడా అమెరికా 65,000 నుంచి 1,15,000కు పెంచింది. తమ్ముడు 2001లో బయటికొచ్చాడు. అప్పటికి పరిమితి 1,95,000కు చేరింది గానీ డాట్‌కామ్ బుడగ పగిలిపోయింది. వీసాలున్నాయి, ఉద్యోగాలు లేవు. అమెరికా వెళ్లిన తమ్ముడు పని దొరక్క బెంచ్ మీద కూర్చుని, చివరికి తిరుగు టికెట్ కొనుక్కున్నాడు. ఇక జీవితాంతం ఇంట్లో అన్న తెలివైనవాడు, తమ్ముడు నిలకడ లేనివాడు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా మూడేళ్లే.

హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా మన ఐటీ కుర్రాళ్ల వెంట తిరిగి, 2007లో పుస్తకం తెచ్చిన చైనా పరిశోధకుడు షియాంగ్ బియావో ఇంకో సంగతి పట్టుకున్నాడు. కోర్సులకూ ప్రయాణాలకూ పెట్టుబడిగా కట్నం డబ్బు ఎలా తిరిగిందో చూపించాడు. "వాడంతట వాడే" అన్న మాటలో మామగారి పొలం ఎన్నెకరాలు కలిసి ఉందో ఎవరూ పైకి చెప్పరు.

అపోహ: బాగా పనిచేస్తే గ్రీన్‌కార్డు దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక దేశంలో పుట్టినవాళ్లకు మామూలుగా ఏడు శాతానికి మించి రావు. దేశం చిన్నదైనా పెద్దదైనా అంతే. మనవాళ్ల క్యూ కదలకపోవడానికి కారణం అదే. తర్వాత మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్లకూ చట్టం అడ్డం తిరిగింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్య రావడానికి ఏళ్లు పట్టేది, హెచ్‌-1బి వాళ్ల భార్య వెంటనే రావచ్చు. అందుకని 1994లో ఆయన చేతిలో ఉన్న గ్రీన్‌కార్డును వదులుకుని, వెనక్కి హెచ్‌-1బికి మారారు.

అపోహ: గల్ఫ్ వెళ్లినవాళ్లు చదువుకోక, ఏజెంటు మాట నమ్మి చెడిపోయారు. వాళ్ల ఖర్మ.

వాస్తవం: 1973లో చమురు ధర ఎగబాకాక గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి, చేతులు కావాల్సి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్ మెట్ట ఊళ్లలో ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి. బావి ఎండితే మగవాళ్లకు దుబాయ్, ఆడవాళ్లకు ఇంటి అరుగు మీద బీడీల చాట. కూలి వెయ్యి బీడీల లెక్కన. మనం గమనించని సంగతి ఒకటుంది. చాలా గల్ఫ్ ఇళ్లు నిలబడింది దుబాయ్ డబ్బు మీద మాత్రమే కాదు, అది రాని నెలల్లో ఈ చాట మీద కూడా.

ఇక పాస్‌పోర్టు చివరి పేజీ చూడండి. తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉండే ఆ పేజీలోనే, పదో తరగతి పాస్ కానివాళ్లకు 'ఈసీఆర్' అని పడుతుంది. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని దానర్థం. 1983 వలస చట్టం ఈ పద్ధతిని కూలీల రక్షణ కోసమే పెట్టింది. కానీ ఆ అనుమతికి కాగితాలు కావాలి, రోజులు పడతాయి. ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కిస్తానంటాడు. అప్పుడు రక్షణా పోతుంది, అప్పూ మిగులుతుంది. అంటే లెక్కల పేపర్లో తప్పిన నాలుగు మార్కులు, ఇరవై ఏళ్ల తర్వాత షార్జాలో ఏ దిక్కూ లేకుండా చేయగలవు.

అక్కడికి చేరాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. అతని సంతకం లేకుండా పని మారడం కుదిరేది కాదు. జీతం ఇవ్వట్లేదని బయటికొస్తే 'ఖల్లివెల్లి', అంటే చట్టం దృష్టిలో పారిపోయినవాడు. కొన్ని దేశాలు ఈ మధ్య నియమాలు సడలించినా, భయం మాత్రం పోలేదు. ఇక్కడ డల్లాస్ అబ్బాయినీ ఒకసారి గుర్తు చేసుకోవాలి. హెచ్‌-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకోటి చూసుకోవడానికి గడువు 60 రోజులు. ఏసీ గదిలో ఉన్నా ఇతని వీసా కూడా ఒక యజమానికి కట్టేసినదే. తాడు కొంచెం పొడుగు, అంతే.

అపోహ: అంతా చట్టాలూ కాలువలే అయితే మనిషి చేతిలో ఏమీ లేనట్టే.

వాస్తవం: ఆ చట్టాలు కూడా మనుషులు కదిలిస్తే కదిలినవే. హెచ్‌-1బి వాళ్ల భార్యలకు ఉద్యోగం చేసుకునే హక్కు ఏళ్ల తరబడి లేదు. పెద్ద చదువులు చదివి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు గట్టిగా అడగ్గా అడగ్గా, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్లినవాళ్లకు 2015లో ఆ అనుమతి వచ్చింది. 2018 జనవరిలో మన విదేశాంగ శాఖ ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామంది. ఎయిర్‌పోర్టులో దూరం నుంచే వీడు పది తప్పినవాడని తెలిసిపోయేలా చేస్తారా అని గొడవైంది. మూడు వారాలు తిరక్కుండానే ఆ ఆలోచన మానుకున్నారు. అట్ట అందరికీ నీలంగానే ఉంది. చివరి పేజీలో ఆ మూడక్షరాలు కూడా ఉన్నాయి.