చెవి యంత్రము - లైసెన్సు కంచె

కన్ను మందగించినవానిని జూచి లోకము జాలిపడును. చెవి మందగించినవానిని జూచి నవ్వును. చెవిటివాని ముందు శంఖ మూదినట్లని సామెత గట్టి వాని కష్టమును హాస్యమునకు వస్తువుగా జేసికొంటిమి. కాని యీ కష్టము కొలదిమందిది కాదు. ప్రపంచారోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ననుసరించి నూట యేబది కోట్లకు మించిన ప్రజలకు వినికిడిలో నేదియో లోపము గలదు. వారిలో 43 కోట్లమందికి చికిత్సయో సాధనమో యవశ్యకము. కావున వినికిడి యంత్రము నమ్మువాని యోగ్యతను నిర్ణయింపవలసిన దెవ్వరనునది స్వల్పవిషయము కాదు.

ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు చెప్పిన సమాధానము పరిశీలింపదగినది. అచ్చట యంత్రముయొక్క గుణదోష విచారణ కేంద్ర ప్రభుత్వమునది. దానిని చెవికి గూర్చు మనుష్యునకు లైసెన్సు నిచ్చుట ఆయా రాష్ట్రములది. నిబంధనలు రాష్ట్రమున కొకరీతిగా నున్నను సామాన్యక్రమ మిది: అభ్యర్థి ఉన్నత పాఠశాల చదువు ముగింపవలెను, కొన్నిచోట్ల అంతకు మించిన చదువును గోరుదురు. పిమ్మట లైసెన్సుగల నిపుణునికడ శిష్యరికము చేయవలెను. తరువాత వ్రాతపరీక్ష, చేతిపని పరీక్ష. వినికిడిని గొలిచి పటము వ్రాయుట, చెవిలోపలి రూపమునకు అచ్చు దీయుట, యంత్రమును సరిపుచ్చుట చేసి చూపవలెను. చెవినుండి చీము గారుట, నొప్పి, ఆకస్మికముగా వినికిడి పోవుట మొదలగు చిహ్నములు గన్పట్టినచో నమ్మకము మాని వైద్యునికడకు బంపవలెను.

ఈ కట్టుబాటు నిరర్థకమని మే మనజాలము. మితిమీరిన ధ్వని మిగిలియున్న వినికిడినిగూడ చెరుపగలదు. అచ్చు దీయుటలో చేయి తప్పినచో కర్ణభేరికే ప్రమాదము.

అయినను కంచె మిక్కిలి యెత్తుగా గట్టినచో చేనిగల రైతే లోనికి బోజాలడు. 2013 ప్రాంతమున ఆ దేశమున జత యంత్రముల సగటు వెల సుమారు 4,700 డాలర్లు. వృద్ధుల వైద్యమునకై 1965లో నేర్పడిన మెడికేర్ చట్టము ఈ యంత్రముల వ్యయమును భరింపలేదు. యంత్రమువలన మేలు పొందదగిన డెబ్బది యేండ్ల వృద్ధులలో మూడవవంతు మందియైన దాని నెన్నడును వాడి యెరుగరని అచ్చటి ప్రభుత్వసంస్థయే ప్రకటించినది. వెల హెచ్చుటకు లైసెన్సొక్కటే కారణమని మేము చెప్పుటలేదు. కాని యమ్మువారి సంఖ్యను గట్టడిచేసిన చట్టము పోటీనిగూడ గట్టడిచేయును.

అందుచేతనే 2017లో అమెరికా శాసనసభ క్రొత్త చట్టము జేసెను. దాని ననుసరించిన నియమములు 2022 అక్టోబరు 17 నుండి అమలులోనికి వచ్చెను. పదునెనిమిదేండ్లు నిండినవారు, వినికిడిలోపము స్వల్పముగనో మధ్యమముగనో యున్నదని తోచినచో, ఏ లైసెన్సుదారుని యనుమతియు లేక అంగడిలోనే తగిన యంత్రమును గొనవచ్చును. దీనికి రాష్ట్రము లడ్డు చెప్పరాదు. బాలురకును, తీవ్రలోపము గలవారికిని వలయు యంత్రములు మాత్రము నిపుణుల చేతిలోనే యుంచిరి. ఈ విభజన న్యాయమని మా యభిప్రాయము. చేటు కలుగు తావున కట్టడి యుండవలెను; వెల మాత్రమే పెరుగు తావున సడలింపవలెను.

మన దేశమున 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము, పట్టికలో పేరులేనివాడు ఈ వృత్తి జేయరాదని శాసించి, అతిక్రమించినవానికి ఏడాది వరకు ఖైదో, వేయి రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించినది. వేయి రూపాయల జరిమానా ఏ వర్తకుని భయపెట్టును? చట్టము కాగితముపై నుండగా, కొనువాడు అడుగనిచో నమ్మువాడు చూపడు.

తండ్రికి యంత్రము గొనదలచిన ప్రతి గృహస్థునకును మా మనవి యిది: మొదట చెవిని వైద్యునికి జూపుడు. వినికిడి పటమును వ్రాయించి మీయొద్ద నుంచుకొనుడు. అమర్చువాని నమోదు సంఖ్య నడుగుడు. సరిపడనిచో తిరిగి తీసికొను గడువు నెన్నిదినములో వ్రాతమూలముగా బొందుడు. ఎద్దును గొనునపుడు పండ్లు జూచి, నడిపించి, దున్నించి చూచు మనము, ఇంటిపెద్ద చెవికొరకు ఆ మాత్రము శ్రమపడలేమా?