నిలువుగా చీల్చి, అడ్డంగా కుట్టి: క్రోన్స్ వ్యాధిలో పేగు అతుకు

క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా పట్టేది మాత్రం చిన్నపేగు చివరి భాగాన్ని. వాపు పేగు గోడ మందమంతా పాకి, మచ్చకట్టి, దారిని మూసుకుపోయేలా చేస్తుంది. మందులకు లొంగనప్పుడు చెడిన ముక్కను కోసి తీసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి అతుకు వేస్తారు. అయితే ఆపరేషన్‌తో ఈ జబ్బు పూర్తిగా నయం కాదు. తిరగబెడితే అది మొదట కనిపించేది సాధారణంగా అతుకు దగ్గరే, దానికి కాస్త ఎగువన. అందుకే అతుకు నిలిస్తే చాలదు, ఏళ్ల తరబడి వెడల్పుగా తెరుచుకుని ఉండాలి.

ఏ అతుకైనా మానాలంటే రెండు కొసలకూ రక్తం బాగా అందాలి, కుట్టు మీద లాగుడు ఉండకూడదు. దారాన్ని పట్టి ఉంచే బలం లోపలి జిగురుపొర కిందనున్న సబ్‌మ్యుకోసాదని అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ 1887లోనే చూపించాడు. స్టెరాయిడ్లు వాడుతున్నవారికీ, పోషణ లోపించినవారికీ, కడుపులో చీముగడ్డ ఉన్నవారికీ అతుకు వదిలి కారే ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు కొన్ని నెలలపాటు పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, తర్వాత కలుపుతారు. చెడిన భాగానికి అటూ ఇటూ మంచి పేగును ఎక్కువగా కోసినంత మాత్రాన జబ్బు తిరగబెట్టడం తగ్గదని 1996లో వెలువడిన సర్జన్ ఫాజియో బృందం పరిశోధన తేల్చింది. మంచి పేగును 2 సెంటీమీటర్లు కలిపి కోసినా, 12 సెంటీమీటర్లు కలిపి కోసినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

సన్నబడిన చోట్లు చాలా ఉంటే అన్నిటినీ కోసేస్తూ పోవడం కుదరదు. ఆహారాన్ని పీల్చుకునేంత పేగు మిగలదు. అప్పుడు ఉపయోగపడేది స్ట్రిక్చరోప్లాస్టీ. బిగుసుకున్న చోట పేగును నిలువుగా చీల్చి, ఆ చీలికను అడ్డంగా కుడతారు. పొడవు కాస్త తగ్గి, వెడల్పు పెరుగుతుంది. క్షయ వల్ల సన్నబడిన పేగులకు ఈ పద్ధతిని వాడి 1977లో వివరించినవారు భారతీయ సర్జన్ కటారియా, ఆయన సహచరులు. 1982లో ఆక్స్‌ఫర్డ్ సర్జన్ ఇమాన్యుయెల్ లీ దీన్ని క్రోన్స్ రోగులకు వర్తింపజేశాడు.

ముక్క తీసేయక తప్పనిచోట కొసకు కొస కలిపి చేత్తో కుట్టడం పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా వాడేది స్టేప్లర్. రెండు పేగులనూ పక్కపక్కన ఆనించి పెడితే, అది మధ్య గోడను కోస్తూనే రెండు వైపులా పిన్నులు వేస్తుంది. పని త్వరగా అవుతుంది, దారి వెడల్పుగా వస్తుంది.

జపాన్‌లోని అసహికావాలో తోరు కోనో 2003లో మొదలుపెట్టిన కోనో-ఎస్ పద్ధతి మరో అడుగు వేసింది. పేగుకు రక్తనాళాలను తెచ్చే పొర మెసెంటరీ. క్రోన్స్ పుండ్లు తరచు అది పేగుకు అంటుకున్న అంచు వెంబడే వస్తాయి. అందుకని అతుకును ఆ అంచుకు దూరంగా పెట్టాలన్నది కోనో ఆలోచన. స్టేప్లర్‌తో మూసిన రెండు కొసలనూ ముందు ఒకదానికొకటి ఆనించి కుడతారు. ఇది ఆసరా స్తంభంలా నిలిచి, అతుకు మెలిపడకుండా, ముడుచుకోకుండా కాస్తుంది. తర్వాత మెసెంటరీకి ఎదురువైపున రెండు పేగులనూ సుమారు 7 సెంటీమీటర్లు నిలువుగా చీలుస్తారు. రెండు చీలికలనూ కలిపి అడ్డంగా, చేత్తో కుడతారు. స్ట్రిక్చరోప్లాస్టీ సూత్రమే ఇక్కడ అతుకుగా మారింది.

ఇటలీలోని నేపుల్స్‌లో 79 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలలకు ఎండోస్కోపీ చేస్తే, స్టేప్లర్ అతుకు వేసినవారిలో 62.8 శాతం మందికీ, కోనో-ఎస్ వేసినవారిలో 22.2 శాతం మందికీ జబ్బు తిరగబెట్టింది. ఒకే కేంద్రంలో, కొద్దిమందిపై జరిగిన పరీక్ష కాబట్టి దీన్నే చివరి మాటగా తీసుకోకూడదు.

అతుకు ఎంత చక్కగా కుదిరినా జాగ్రత్త అవసరం. పొగ తాగడం జబ్బును తిరగబెట్టించే ముఖ్య కారణాల్లో ఒకటి, దాన్ని మానాలి. ముప్పు ఎక్కువున్నవారికి ఆపరేషన్ తర్వాత మందులు త్వరగా మొదలుపెడతారు. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య కొలొనోస్కోపీతో అతుకును చూస్తే, లక్షణాలు బయటపడకముందే పుండ్లను గుర్తించి చికిత్స మార్చవచ్చు.