కిరీటం ఉంటే లక్షలా?

పాత నాణేలకు లక్షలిస్తామనే మెసేజ్‌ల పిచ్చి పాత పోలీసు బిళ్లలకూ పాకింది. పసుపు అమ్మిన డబ్బు చేతిలో ఆడే రోజుల్లో నిజామాబాద్ జిల్లా మాక్లూర్, ఆర్మూర్ వైపు ఇలాంటి కబుర్లకు గిరాకీ ఎక్కువ. "కిరీటం ఉందంటే ఇంగ్లీషు ఎస్పీదే, లక్షకు తక్కువ పోదు." నమ్మినవాడు వేలు పోసి కొంటాడు, లేదా అమ్మిపెడతామన్నవాడికి ముందే 'ఫీజు' కడతాడు. పాత నాణేల పేరిట తన పేరు వాడుకుని ఫీజులు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. విన్నదెవరు?

అపోహ: కిరీటముంటే ఇక్కడి బ్రిటిష్ పోలీసుదే.

వాస్తవం: ఇక్కడ బ్రిటిష్ పోలీసు ఎక్కడివాడు? 1948 సెప్టెంబరు దాకా నిజామాబాద్ జిల్లా నిజాం ఏలుబడిలోది. జిల్లా పోలీసు పెద్ద మొహతమీం, ఠాణా పెద్ద అమీన్. కొలువు భాష ఉర్దూ, లెక్క ఫస్లీ సంవత్సరాల్లో. హైదరాబాద్ నగర పోలీసు చట్టం పేరులోనే 1348 ఫస్లీ ఉంది. 1920లో నగర కొత్వాల్ అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డికి జీతమిచ్చింది లండన్ రాజు కాదు.

కిరీటాన్నే దగ్గరగా చూడండి. 1901 నుంచి వాడిన ట్యూడర్ కిరీటం కమానులు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. ఎలిజబెత్ రాణి హయాంలో 1953 నుంచి నడిచిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటానికి నడినెత్తిన పల్లం. మన దగ్గర 1950 జనవరి 26నే సింహాలు జాతీయ చిహ్నమయ్యాయి. అంటే పల్లమున్న కిరీటాన్ని 'నలభైల నాటి మన దొరది' అంటే పచ్చి అబద్ధం. గుండ్రటిదైతే అసలుదేనా? అదీ చెప్పలేం. చార్లెస్ రాజు 2022లో మళ్లీ ఆ ఆకారాన్నే ఎంచుకున్నాడు. నిన్న పోతపోసిందీ కావచ్చు.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. నిజాం కొలువుకు బ్రిటిష్ అధికారులూ వచ్చారు, బ్రిటిష్ ఏలుబడిలోని మద్రాసు పోలీసులో చేసినవారి వారసులు ఇక్కడా ఉండొచ్చు. అసలైన బిళ్ల మాక్లూర్ పెట్టెలో దొరకనే దొరకదని కాదు. కానీ తోడుగా ఉత్తర్వో, యూనిఫాం ఫొటోనో, పింఛను కాగితమో ఉండాలి. లేకపోతే ఇత్తడి ధరే అడగండి.

ఇక మిగతా అపోహలు. నక్షత్రాలెక్కువైతే పెద్ద ఆఫీసరా? మూడు నక్షత్రాలు రిబ్బన్‌తో ఉంటే ఇన్‌స్పెక్టర్, రిబ్బన్ లేకుంటే డీఎస్పీ, పైన సింహాలుంటే డీఐజీ. డీజీపీకి ఒక్క నక్షత్రమూ లేదు. ఐజీ అంటే చిన్నవాడా? 1861 పోలీసు చట్టం ప్రకారం అప్పట్లో అతనే అందరికీ పెద్ద. తాత పోలీస్ పటేల్ అయితే ఎస్పీ అంతటివాడా? అది ఊరి వంశపారంపర్య కొలువు. బిళ్లను చింతపండుతో తోమితే విలువ పెరుగుతుందా? ఉన్నదీ పోతుంది.

కొనే ముందు బిళ్లను తిప్పి చూడండి. ముందువైపు అంచులు అరిగి, వెనక పిన్నూ లూపూ కొత్తగా మెరుస్తుంటే వదిలేయండి. చేనులో దున్నుతుంటే పది రూపాయలకు మించిన విలువున్న పాతకాలం వస్తువు బయటపడితే, 1878 చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాలి. వందేళ్లు దాటినదాన్ని విదేశానికి అమ్మడం 1972 చట్టం ఒప్పదు. ఇక ఎదుటివాణ్ని పోలీసునని నమ్మించడానికి బిళ్లను భుజాన తగిలించుకుంటే, భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.