గుహాలయాన్ని తొలిచిన వాననీరు

మలేషియాలోని ఈపో నగరం దగ్గర, రాపాట్ కొండలో కెక్ లోక్ టాంగ్ అనే గుహాలయం ఉన్నది. అక్కడ బుద్ధ విగ్రహాలతోపాటు తావో మతస్థుల దేవతలు కూడా పూజలందుకొంటారు. విశాలమైన ఆ గుహ కొండకు ఆవలివైపున, చెరువులున్న ఉద్యానవనంలోనికి తెరచుకొంటుంది. విగ్రహాలను మనుష్యులు నిలిపారు. మరి అంత పెద్ద మండపాన్ని తొలిచినదెవరు?

దీనికి సమాధానం మన పాఠశాలలోనే చూడవచ్చు. పరీక్షనాళికలో పలుచని సున్నపు తేట తీసుకొని, గాజుగొట్టంతో మెల్లగా ఊదండి. నోటిలోనికి మాత్రం పీల్చరాదు. తేట పాలవలె తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. సున్నపురాయి అంటే ముఖ్యంగా ఈ పదార్థమే. ఇంకా ఊదుతూ ఉంటే తెలుపు పోయి నీరు మరల తేటపడుతుంది. ఇప్పుడేర్పడినది నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేటు. ఆ నీటిని కాచండి. వాయువు వెడలిపోయి, తెల్లని పొడి తిరిగి కనిపిస్తుంది.

కొండలో జరిగినదీ ఇదే. వాననీరు గాలినుండి, మట్టినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సున్నపురాతి పగుళ్లలోనికి దిగుతుంది. రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పగులు సందుగా, సందు గుహగా పెరుగుతాయి. ఈ పని ఇప్పటికీ ఆగలేదు. ఈపోలోనే చెరో కొండనుండి 1973లో పెద్ద బండ విరిగిపడి సుమారు 40 మంది మరణించారు.

కరిగించిన నీరే కట్టడం కూడా చేస్తుంది. పైకప్పునుండి వ్రేలాడే బొట్టులోని వాయువు గుహలోని గాలిలో కలిసిపోగానే, కాల్షియం కార్బొనేటు పొరగా మిగులుతుంది. ఇక్కడ కాచనక్కరలేదు. అలా పొరమీద పొర చేరి రాతి ఊడలు దిగుతాయి, నేలనుండి స్తంభాలు లేస్తాయి.

ఊడ ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగిందనుకొందాం. జానెడు ఊడకు, అనగా సుమారు 20 సెంటీమీటర్లకు, 2,000 ఏళ్లు పట్టాలి. దానిని విరవడానికి ఒక్క క్షణం చాలు. చేతి జిడ్డు అంటినా పెరుగుదల చెడవచ్చు.

మన బొర్రా గుహలు, బెలుం గుహలు కూడా సున్నపురాతిలో నీరు తొలిచినవే. పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్లే ఉపాధ్యాయులు ముందురోజు తరగతిలో ఈ ప్రయోగం చేసి చూపడం మంచిది. ఊడ ఎట్లా పెరిగిందో తెలిసిన పిల్లవాడు దానిపై చేయి వేయడానికి వెనుకాడతాడు.