ట్రాలీ టైరు ఏల పగులును?



నేడు నేను చెప్పబోవునది పురాణము గాదు, వ్యాకరణము గాదు. మన చెఱకు ట్రాలీల క్రింద తిరుగు టైరును గూర్చి. బడిపంతులునకు టైరుతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. కారణము చెప్పెదను.

రెండేండ్ల క్రిందట మాఘమాసమున మా తమ్ముని కుమారుడు బోధను ప్రాంతమునుండి చెఱకు నింపుకొని మిల్లునకు బయలుదేఱెను. నేను వెనుక వేఱొక బండిలో వచ్చుచుంటిని. ఎండ ముదిరిన వేళ ట్రాలీ ఎడమ టైరు తుపాకి ప్రేలినట్లు పగిలెను. ట్రాలీ ఒరిగి చెఱకంతయు బాటపై పడెను. అంతవఱకు ఆ చెఱకుపై కూర్చుండి వచ్చిన ఇరువురు కోతకూలీలు కొంచెము ముందే చాయ త్రాగుటకు దిగి మా బండి యెక్కియుండిరి. వారు దిగకున్నచో ఏమగునో మీరే యూహింపుడు. పిల్లవాడు వణకుచు, "పొద్దుగాల కాలుతోని తన్ని చూసిన పెద్దబాపూ, గాలి మంచిగనే ఉండె" అనెను. చుట్టు చేరినవారందఱు మేకు గ్రుచ్చుకొన్నదనిరి. వెదకితిమి, మేకు లేదు. టైరు పైరబ్బరు చెట్టు బెరడు వలె ఊడియుండెను. లోపలి దారపు పొరలు నల్లబడి యుండెను. అది మేకుచేత గాక వేడిచేత చచ్చినదని పనితనమెఱిగిన మేస్త్రి చెప్పగా విని, నాటినుండి ఈ విషయము నేర్చుకొంటిని.

బరువును మోయునది రబ్బరు గాదు, అందలి గాలి. గాలి తగ్గిన టైరు నేలను తాకినచోట మిక్కిలి అణగి, పైకి వచ్చినప్పుడు మరల సాగును. ఇనుప తీగను చేతులతో ఇటునటు వంచుచుండిన అది వేడెక్కి తెగును గదా! టైరు ప్రక్కభాగమునకు పట్టు గతియు నదియే. గాలి చాలినను బరువు మితిమీఱినచో ఫలము ఒక్కటే. ఆ వేడికి రబ్బరునకును దారపు పొరలకును గల పట్టు సడలును. కావున టైరు పగులుట ఒక్క క్షణములో కనబడినను, దాని రోగము చాల దినములుగా పెరుగుచున్నదే.

ఈ రోగము మన ప్రాంతమున నేడు హెచ్చుటకు వేఱొక కారణమును గలదు. 1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప మన ఇందూరు జిల్లాలో చెఱకు సాగు విస్తరించెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. అప్పటి ఎడ్లబండి చక్రము కొయ్యది, పైన ఇనుపపట్టా; అది చెడుటకు ముందు కిఱ్ఱుమని మొఱపెట్టుకొనెడిది. పిమ్మట ట్రాక్టర్లు వచ్చినను మిల్లు చెంతనే యుండుటచేత ప్రయాణము స్వల్పము. కాటా యొద్ద వరుసలో నిలుచునంతలో టైరు చల్లబడెడిది. 2015లో ఆ కర్మాగారము మూతపడెను. నాటినుండి బోధను చెఱకు దూరపు మిల్లులకు పోవలసి వచ్చినది. ఎడతెగక యేబది కిలోమీటర్లు తిరుగు టైరునకు చల్లబడు వ్యవధి యెక్కడిది? వేసవిలో ధాన్యమును, పసుపును మోయు ట్రాలీలకు బాట వేడియు తోడగును.

మఱియొక విశేషము. ట్రాక్టరు ముందు టైరునకు గాలి తగ్గినచో స్టీరింగు చేతికి తెలియును. వెనుక నున్న ట్రాలీ టైరు తోలువానికి ఏమియు చెప్పదు. జోడు చక్రములున్నచోట ఒకటి చప్పబడినను రెండవది మోయుచు దానిని కప్పిపుచ్చును. తుదకు రెండును చెడును. కాలితో తన్ని చూచుట పరీక్ష గాదు. టైరు చల్లగా నున్న ఉదయముననే మీటరుతో కొలువవలెను. త్రోవలో గాలి పొంగుట సహజము. వేడి టైరునుండి గాలి తీయరాదు. ఆగినప్పుడెల్ల చేతి వెనుకభాగమును దగ్గఱగా నుంచి చూచినచో, తక్కినవానికంటె ఎక్కువ వేడిగా నున్నదే రోగి యని తెలియును.

ఇక క్రొత్త టైరు కొనువిధము. మొదట లెక్క వేయుడు. ట్రాలీ బరువు 2 టన్నులు, చెఱకు 6 టన్నులు అనుకొందము, మొత్తము 8. నాలుగు టైర్లయినచో ఒక్కొక్కదానిపై 2 టన్నులు. టైరు ప్రక్కన బరువును తెలుపు అంకె యొకటి యుండును: 120 అనిన 1,400 కిలోలు, 132 అనిన 2,000, 136 అనిన 2,240. గుంతలలో బరువు ఒకవైపునకే ఒరుగును గనుక 132 చాలదు. 136 గాని అంతకు మించినది గాని కొనవలెను. దాని చెంతనున్న అక్షరము వేగమునకు గుఱుతు: ఏ6 అనిన గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అనిన 40. ప్లై రేటింగు అను అంకె బలమునకు కొలతయే గాని, నేడు లోపలి పొరల లెక్క గాదు.

రెండవది వయస్సు. ప్రక్కన నాలుగంకెల ముద్ర చూడుడు. 2324 అని యున్నచో అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనది. ఎండకును గాలికిని రబ్బరు తనంతట తాను బిగిసి పగుళ్ళు వాఱును. దుకాణములో ఏండ్ల తరబడి నిలువయున్నది క్రొత్తది గాదు. అయిదేండ్లు దాటినదానిని ఏటేట పరీక్షింపవలెను; పదేండ్లు దాటినదానిని, గీతలు అరుగకున్నను, తీసివేయవలెను.

మూడవది జాతి. లారీలనుండి తీసివేసిన పాత టైర్లు చౌకగా దొరకును. పైన క్రొత్త రబ్బరు అతికినను లోపలి కళేబరము పాతదే. కారు టైరు ట్రాలీకి పనికిరాదు. ఒకే ఇరుసునకు ఒకే కొలత, ఒకే జాతి టైర్లను వేయుడు. క్రొత్త టైరులో పాత ట్యూబు పెట్టకుడు. తుప్పుపట్టిన రిమ్మును గీకి శుభ్రము చేయింపుడు.

పెద్దలారా! చౌక టైరుతో మిగిలినది ఒక్క లోడు చెఱకు బాటపై పడిన చాలదు. మనుష్యప్రాణమునకు వెల యెక్కడిది? మీ ఇంటి పిల్లలకు రెండు మాటలు చెప్పుడు: మీటరు లేక బండి కదలరాదు, లోడుపై మనిషి కూర్చుండరాదు. తండ్రులు చెప్పిన వినకున్నను తాతలు చెప్పిన విందురు.

సెలవు.