బస్తా మీద ఎవరి పేరు?

రెండేళ్ళ క్రితం షవ్వాల్ మాసంలో ఒక శుక్రవారం, జుమా నమాజు ముగించుకొని తెనాలిలోని మా మదరసాకు తిరిగి వచ్చేసరికి, బాపట్లకు చెందిన ఒక బియ్యపు వర్తకుడు తన కుమార్తెతో వచ్చి కూర్చొని ఉన్నారు. అమ్మాయి బీకాం ఉత్తీర్ణురాలై, ఐసెట్ వ్రాసి, ఎంబీఏలో సీటు సంపాదించుకొన్నది. అందులో బ్రాండ్ల నిర్మాణం, నిర్వహణ ప్రత్యేకంగా చదవాలని ఆమె కోరిక. తండ్రికి అదే మింగుడుపడలేదు.

"హజ్రత్, పది రూపాయల సరుకును యాభైకి అమ్మే విద్యట ఇది. అబద్ధానికి అందమైన అట్ట వేయడం నేర్పే చదువుకు నా హలాల్ సంపాదన ఖర్చు పెట్టమంటారా?" అని అడిగారు.

ఇటువంటి ప్రశ్నకే అంతకు చాలా ఏళ్ళ ముందు ఒక యువకునికి మేము ఆలోచించకుండా 'వద్దు' అని చెప్పి ఉన్నాము. కూడలిలోని ప్రకటనల బోర్డులు చూసి ఆ విద్యను అంచనా వేశాము గాని, దాని పుస్తకం ఒక్కటైనా తెరచి చూడలేదు. ఆ యువకుడు మా మాట విని ఊరుకున్నాడు. ఆ సంగతి మనసులో ఉండబట్టి ఈసారి తొందరపడలేదు. పుస్తకాలు తెచ్చి చూపించమ్మా అని అడిగాము. ఆంగ్లం మాకు నిదానంగా సాగుతుంది. నెల రోజులు పట్టింది.

చదివిన మేరకు తెలిసినది ఇది. 1931లో అమెరికాలోని ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి మూడు పుటల లేఖ ఒకటి వ్రాశాడు. ఆయన చూస్తున్న కేమే సబ్బు అదే సంస్థ వారి ఐవరీ సబ్బు నీడలో పడిపోయింది. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క బృందం పూర్తి బాధ్యత వహించాలనీ, అమ్మకం ఎక్కడ తగ్గినదో, ఎందుకు తగ్గినదో ఆ బృందమే వెళ్ళి కనుగొనాలనీ ఆయన కోరాడు. ఈ విద్యకు మూలం ఆ లేఖ అంటారు. 1991లో డేవిడ్ ఆకర్ వెలువరించిన గ్రంథం, తరువాత కెవిన్ లేన్ కెల్లర్ వ్రాసిన పాఠ్యగ్రంథం నేటికీ తరగతులలో నడుస్తున్నాయి. పేరు ఎందరికి తెలుసు, ఆ పేరు వినగానే ఏమి తలపుకు వస్తుంది, నాణ్యతపై ఎంత నమ్మకం ఉంది, కొన్నవారు మళ్ళీ వస్తున్నారా అనే ప్రశ్నల చుట్టూనే వాటి అధ్యాయాలు తిరుగుతాయి. ప్రకటన వాటిలో ఒక భాగం మాత్రమే.

పుస్తకం మూసి మా ప్రాంతాన్ని చూస్తే పాఠాలు ఇంటి ముందే కనిపించాయి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడింది. అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించిన బీపీటీ 5204 వరి వంగడం 1986లో విడుదలైంది. సాంబ మసూరి అంటే అదే. ఎండాకు తెగులును తట్టుకొనేలా దానినే మెరుగుపరచి హైదరాబాదు శాస్త్రవేత్తలు 2008లో మరో రకాన్ని ఇచ్చారు. సన్న బియ్యం తినే తెలుగు ఇళ్ళలో ఈ వంగడం ఎరుగని వంటగది అరుదు. బీపీటీ అన్న మూడక్షరాలలో ఉన్నది బాపట్ల పేరే. ఆ సంగతి ఎందరికి తెలుసు? రైతుకు తెలుసు, మిల్లువారికి తెలుసు. బస్తా కొనే గృహిణికి కనిపించేది మాత్రం నెమలి బొమ్మో, కలశమో, ఎవరిదో ఇంటిపేరో. ఊరు పేరు విత్తనం సంచి వరకు వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఇది కొత్త సంగతి కాదు. రేపల్లె సమీపంలోని నిజాంపట్నాన్ని ఐరోపా వారు పెటపోలి అని వ్రాసుకొన్నారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఆంగ్లేయుల ఓడ వచ్చింది. ఆ తీరపు అద్దకపు బట్టలకు చిరివేరు ఇచ్చే ఎరుపు వల్ల గొప్ప గిరాకీ ఉండేది. ఓడల వారి పేర్లు చరిత్రలో నిలిచాయి, అద్దిన చేతుల పేర్లు నిలువలేదు.

తెనాలి కథ వేరు. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో చల్లే మాగాణి మినుము ఈ ప్రాంతపు ధనం. ఒకప్పుడు పప్పు అంటే అంగడిలో గోనెసంచి నుండి తూచి ఇచ్చేదే. తెనాలి నుండి వచ్చే డబుల్ హార్స్ మినపగుళ్ళను ఇప్పుడు దూరపు ఊళ్ళలోనూ పేరు చెప్పి అడుగుతారు. కేరళలోని త్రిస్సూరు నుండి మంజిలాస్ సంస్థ కూడా డబుల్ హార్స్ పేరుతోనే బియ్యం అమ్ముతుంది. ఒకే పేరు రెండు ఊళ్ళలో ఉన్నదంటే, పేరు పెట్టడంతో పని తీరదని, దానిని చట్టప్రకారం ఎలా కాపాడుకోవాలో కూడా తెలియాలని అర్థం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద సరుకు తరగతిని బట్టి నమోదు చేస్తారు. బియ్యం 30వ తరగతిలోకి వస్తుంది. నమోదు పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చు.

మన వర్తకులు పేరు నమోదుకు వెనుకాడడానికి పన్ను కూడా ఒక కారణం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు నమోదైన బ్రాండు పేరున్న బియ్యపు సంచులపై 5 శాతం పన్ను పడింది, పేరు లేనివాటికి మినహాయింపు. ఉన్న నమోదునే వదులుకొన్నవారు ఉన్నారు. 2022 జూలై 18 నుండి 25 కిలోల వరకు ముందే కట్టి లేబులు వేసిన సంచులన్నింటికీ పన్ను వర్తించింది. వెంటనే అంగళ్ళలో 26 కిలోల బస్తాలు బారులు తీరాయి! తెలివి లేదని మనవారిని ఎవరనగలరు?

ఇక ధర్మం మాట. ప్రవక్త పదవికి పూర్వమే మక్కా ప్రజలు ముహమ్మద్ (స)ను అల్ అమీన్ అని పిలిచారు. వారు ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని నిలదీశారు. కనుక పేరు సంపాదించడం తప్పు కాదు, పేరు కింద ఏమున్నదన్నదే ప్రశ్న. ఈ చదువులో మాకు నచ్చని భాగాలూ ఉన్నాయి. మద్యం ప్రకటనకు అనుమతి లేనిచోట అదే పేరుతో సోడాను చూపించే ఉపాయం, పసిపిల్లల చేత తల్లిదండ్రులను సతాయింపజేసే ఉపాయం అటువంటివి. వాటిని చదవకుండా తప్పించుకోనక్కరలేదు. ఏది మోసమో గుర్తించడానికైనా చదవాలి. అటువంటి ఉద్యోగం వస్తే కాదనే ధైర్యం మాత్రం విశ్వవిద్యాలయం ఇవ్వదు, ఇల్లే ఇవ్వాలి.

ఇదంతా చెప్పి, చేర్పించమని ఆ తండ్రికి సలహా ఇచ్చాము. అమ్మాయి చేరింది. రెండవ సంవత్సరం ప్రాజెక్టుకు తమ అంగడినే ఎంచుకొన్నది. అక్కడే చిక్కు వచ్చింది. ఆయన ఎవరో అచ్చువేసిన బొమ్మ బస్తాలను కొని వాటిలో బియ్యం నింపుతారు. పాత బియ్యానికి ధర ఎక్కువ. కొత్తవి వండితే ముద్ద అవుతాయి. కొరత వచ్చినప్పుడు పాతవాటిలో కొన్ని కొత్తవి కలపడం అలవాటు. "బజారంతా చేసేదే హజ్రత్. పేరు లేని బస్తాకు ఫిర్యాదు రాదు" అని మాతో ఆయనే ఒప్పుకొన్నారు. ఆయన నిజాయితీపరుడని ఊరంతా అంటుంది, మేమూ అంటాము. ఆ అలవాటును ఆయన తప్పుగా ఎన్నడూ లెక్కించలేదు, అంతే.

గత నెలలో తండ్రీకూతుళ్ళు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆయన చేతిలో ఒక నమూనా సంచి ఉంది. పైన అంగడి పేరు, దాని కింద బాపట్ల, బీపీటీ 5204, ఫోను నెంబరు. అన్నిటికంటే కింద, పంట కోసిన నెలకు ఒక ఖాళీ గడి.

"ఈ గడి తప్పనిసరా హజ్రత్? ఇది వేస్తే డిసెంబరు బియ్యాన్ని పాతవని చెప్పలేను కదా" అన్నారు ఆయన.

మేము నోరు తెరిచేలోపే అమ్మాయి అన్నది: "అందుకే వేయాలి అబ్బా."

ఆయన సంచిని మడిచి చంకలో పెట్టుకొని లేచారు. ఇంకా అచ్చుకు ఇవ్వలేదని విన్నాము.