తొలి స్క్రోల్ సా కొనబోయే వారికి

భివండీలోని ధామన్కర్ నాకా, పద్మనగర్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు యంత్రం కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్లిన నేత కుటుంబాల పిల్లలు సాంచాల చప్పుడు మధ్యనే పెరిగారు. పాత సాంచాలు అనేకం తుక్కు కింద తూకానికి పోయిన ఈ రోజులలో, ఇంటిపట్టున చేసుకోదగిన మరొక పని కోసం చూసేవారికి చెక్కపని ఒక మార్గంగా కనిపిస్తుంది. పేరుపలకలు, దేవుని మందిరానికి జాలీలు, పిల్లల బొమ్మలు కోసే స్క్రోల్ సా అనే చిన్న యంత్రం వైపు దృష్టి మళ్లటం అందువల్లనే. అయితే తెలియక కొన్న యంత్రం మూలన పడితే పోయేది కూడబెట్టిన సొమ్ము. కాబట్టి దుకాణం మెట్లెక్కక ముందే తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ఏది స్క్రోల్ సా, ఏది కాదు

దుకాణంలో స్క్రోల్ సా అడిగితే చేతిలో పట్టుకుని నడిపే జిగ్ సా చూపటం తరచుగా జరిగే పొరపాటు. జిగ్ సాలో చెక్క కదలదు, యంత్రం కదులుతుంది. దాని బ్లేడు వెడల్పుగా, మొరటుగా ఉంటుంది. స్క్రోల్ సా బల్లపై నిలిచి ఉంటుంది. చెక్కనే రెండు చేతులతో తిప్పుతూ కోయాలి. పైనా కిందా రెండు కొసల మధ్య బిగించిన సన్నని బ్లేడు నిలువుగా ఆడుతుంది. గోరంత మలుపు కూడా తిరగగలగటం దీని ప్రత్యేకత. నిలువునా పలకలు చీల్చటం, దూలాలు కోయటం దీని పని కాదు.

సన్నరంపంతో అలంకారపు కోత పురాతనమైనదే. ఫ్రాన్సు దేశపు ఆంద్రే షార్ల్ బూల్ 17వ శతాబ్దంలో ఇటువంటి కోతతోనే రాచగృహాల సామాను అలంకరించాడు. లండనులో 1760 దశకంలో జాన్ స్పిల్స్‌బరీ దేశపటాన్ని చెక్కకు అతికించి, సరిహద్దుల వెంట ముక్కలుగా కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటవస్తువుగా అమ్మాడు. నేటి జిగ్ సా పజిల్‌కు మూలం అదే.

సాంచా తెలిసినవారికి సులభం

సాంచాలో మోటారు తిరుగుడును క్రాంకు ముందుకూ వెనుకకూ ఊగే కదలికగా మార్చి అచ్చుపలకను ఆడిస్తుంది. క్రాంకు ఒక చుట్టు తిరిగితే ఒక పోగు పడుతుంది. స్క్రోల్ సాలోనూ జరిగేది ఇదే. మోటారు ఒక చుట్టు తిరిగితే బ్లేడు ఒకసారి దిగి లేస్తుంది. తేడా వేగంలో ఉంది. సాదా సాంచా నిమిషానికి నూరు పైబడి పోగులు వేస్తే, స్క్రోల్ సా బ్లేడు నిమిషానికి 400 నుండి 1,600 సార్లు వరకు ఆడుతుంది. అంత వేగంతో ఆడేదానికి వణుకు సహజం. వణుకు ఎంత తక్కువైతే కోత అంత శుభ్రం. మగ్గం బిగువు, బోల్టు వదులు చెవితోనే పసిగట్టగలవారికి ఈ యంత్రాన్ని పరీక్షించటం కష్టం కాదు.

ముందు చేతిరంపం

యంత్రం కొనక ముందు ఒక నెల చేతిరంపంతో సాధన చేయటం ఉత్తమం. కంసాలులు లోహపు రేకు కోయటానికి వాడే విల్లువంటి చట్రపు రంపం, కంసాలి పనిముట్ల దుకాణాలలో యంత్రం ధరలో స్వల్ప భాగానికే దొరుకుతుంది. బల్ల అంచుకు వి ఆకారపు గాడి కోసిన చిన్న పలక బిగించి, దానిపై 3 లేదా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఉంచి కోయాలి. గీత వెంట పోవటం, మూల తిప్పటం, బ్లేడును బలవంతపెట్టకపోవటం అనే మూడు విషయాలూ చేతికి అలవడతాయి. ఈ రంపపు బ్లేడ్లు సాధారణంగా 5 అంగుళాల పొడవున ఉంటాయి. సాదాకొస బ్లేడు పట్టే స్క్రోల్ సాకూ అవి అమరుతాయి కనుక వృథా పోవు. నెల గడిచేసరికి ఆసక్తి చల్లారితే నష్టం స్వల్పమే.

బ్లేడు కొసలే అసలు ప్రశ్న

కొత్తవారు మోటారు ఎన్ని వాట్లని అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న బ్లేడు కొసల గురించి. బ్లేడ్లు రెండు రకాలు. కొసలలో అడ్డంగా చిన్న మేకు ఉండే పిన్ను బ్లేడు ఒకటి, ఏమీ లేని సాదాకొస బ్లేడు రెండవది. పిన్ను బ్లేడును తగిలించటం సులభమే. కాని చెక్క లోపలి భాగం కోయాలంటే ముందుగా రంధ్రం చేసి బ్లేడును అందులో దూర్చాలి. పిన్ను దూరటానికి ఇంచుమించు 5 మిల్లీమీటర్లు, లేదా అంతకు పైబడిన రంధ్రం కావాలి. సాదాకొస బ్లేడుకు 1 నుండి 2 మిల్లీమీటర్ల రంధ్రం చాలు.

తెలుగు అక్షరాలు కోయదలచినవారికి ఈ తేడా నిర్ణయాత్మకం. మన లిపి గుండ్రనిది. సున్న, ఠ, అ వంటి అక్షరాలలో లోపలి ఖాళీలు చిన్నవి. ఆ సుడిలో 5 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే అక్షరం రూపమే చెడుతుంది. కాబట్టి సాదాకొస బ్లేడును పట్టగల యంత్రమే తీసుకోవాలి. కొన్ని యంత్రాలు రెండు రకాలనూ పడతాయి. పిన్ను బ్లేడును మాత్రమే పట్టే యంత్రం ఎంత చౌకగా వచ్చినా ఈ పనికి తగదు.

లిపి విషయంలో ఇంకొక సంగతి. దేవనాగరిలో పై గీత అక్షరాలను తోరణంలా కలిపి ఉంచుతుంది. అందుచేత మరాఠీ పేరు కోస్తే మాట చాలావరకు ఒకే ముక్కగా నిలుస్తుంది. తెలుగులో ప, ష, స అక్షరాల తలకట్టు ఒంటికి తగలదు. ఒత్తులు కూడా అనేక అచ్చులలో విడిగానే ఉంటాయి. పద్మ అన్న చిన్న మాట కోసినా తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట రాలిపడతాయి. గీసేటప్పుడే సన్నని వంతెనలతో కలపటం, లేదా ముక్కలను వెనుక పలకపై అతికించటం దీనికి పరిష్కారం.

బ్లేడు సంఖ్యలు

సంఖ్య పెరిగేకొద్దీ బ్లేడు లావవుతుంది. పలుచని చెక్కకు 1 నుండి 3, అర అంగుళం నుండి ముప్పావు అంగుళం మందానికి 5, అంతకు మించితే 7 లేదా 9 సరిపోతాయి. అడుగున కొన్ని పళ్లు తలకిందులుగా ఉండే బ్లేడు వాడితే కింది వైపు చెక్క చిట్లటం తగ్గుతుంది. ప్లైవుడ్ పొరల మధ్య జిగురు బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది. మొద్దుబారిన బ్లేడుకు సాన పట్టరు, మార్చివేస్తారు. కొన్న రోజే రెండు మూడు సంఖ్యలలో డజను చొప్పున తెచ్చుకోవాలి.

దుకాణంలో చూడవలసినవి

వేగం తగ్గించి పెంచుకునే మీట తప్పక ఉండాలి. కొత్తచేతికి, మందమైన చెక్కకు తక్కువ వేగం అవసరం. ఆక్రిలిక్ పలకను ఎక్కువ వేగంతో కోస్తే వేడికి కరిగి కోత మళ్లీ అతుక్కుంటుంది.

బ్లేడు నుండి వెనుక స్తంభం వరకు గల దూరాన్ని గొంతు అంటారు. 16 అంగుళాల గొంతు తొలి యంత్రానికి చాలు. పెద్ద పలకలు తరచుగా కోసేవారికే 20 అంగుళాలు అవసరం.

బ్లేడు విప్పి బిగించటం ఎంత సులభమో స్వయంగా చేసి చూడాలి. ఒక జాలీలో 40 లోపలి రంధ్రాలుంటే బ్లేడును 40 సార్లు విప్పాలి. ఒకసారికి నిమిషం పడితే 40 నిమిషాలు, పావు నిమిషం పడితే 10 నిమిషాలు. పనివానికి కాలమే కూలి.

పరీక్షలు రెండు. నాణేన్ని యంత్రపు బల్లపై అంచు మీద నిలబెట్టి వేగం మెల్లగా పెంచాలి. ఎంత వేగం వరకు నాణెం పడకుండా నిలిస్తే యంత్రం అంత స్థిరమైనది. తరువాత మందపాటి చెక్కముక్కకు కొంచెం గాటు పెట్టి, యంత్రం ఆపి, ముక్కను వెనుకకు తిప్పి అదే గాటులోకి బ్లేడు వెనుక అంచును పోనివ్వాలి. సాఫీగా దూరితే బ్లేడు బల్లకు సరిగ్గా నిలువుగా ఉన్నట్లు. లేకపోతే బల్లను సరిచేసి మళ్లీ చూడాలి.

విద్యుత్తు, విదేశీ యంత్రాలు

చిన్న యంత్రాలకు 90 నుండి 120 వాట్ల మోటారు ఉంటుంది. 120 వాట్ల యంత్రం ఎనిమిది గంటలు నడిచినా ఒక యూనిట్ లోపే కాలుతుంది. ఇంటి సింగిల్ ఫేజ్ చాలు. బంధువులు అమెరికా నుండి తెచ్చే యంత్రాల విషయంలో జాగ్రత్త అవసరం. అవి 120 వోల్టులవి, మన సరఫరా 230 వోల్టులు. నేరుగా కలిపితే మోటారు కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కలుపుకుంటే బహుమతి కూడా ఖరీదైనదే. ఎక్కడిదైనా పెచ్చు మీది వోల్టేజీ చదవనిదే ప్లగ్గు పెట్టరాదు.

వేళ్లు, ఊపిరితిత్తులు

వలయాకారపు రంపంతో పోలిస్తే ప్రమాదం తక్కువే గాని లేకపోలేదు. వేలు బ్లేడుకు ఎదురుగా ఉంచరాదు. వదులు చేతులు, చున్నీ, కండువా యంత్రం దరికి రానీయరాదు. బ్లేడు తెగి ఎగరవచ్చు కనుక కళ్లద్దాలు అవసరం.

అంతకంటే పెద్ద సమస్య ధూళి. చెక్కధూళి మనుషులలో క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ఎం.డి.ఎఫ్. పలకల జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను సైతం 2004లో అదే వర్గంలో చేర్చింది. ఏళ్ల తరబడి దూదిధూళి పీల్చిన ఊపిరితిత్తులపై ఇది మరొక భారం. మూతికి కట్టుకునే రుమాలు సన్నని ధూళిని ఆపదు. ఎన్-95 మాస్కు కావాలి. వంట, నిద్ర ఒకే గదిలో సాగే ఇంట్లో ఆ గదిలోనే కోత పెట్టటం తగదు. గాలి ఆడే వరండాయో, కారఖానాలో ఒక మూలో చూసుకోవాలి. మాస్కులు, కళ్లద్దాల ఖర్చును యంత్రం ధరలో భాగంగానే లెక్కించాలి.

ఆదాయం మాట

ఒకే నమూనా వంద ముక్కలు కావాలంటే లేజర్ యంత్రం ముందు స్క్రోల్ సా నిలవదు. పలుచని ఎం.డి.ఎఫ్. పేరుపలకలతో ధరలో పోటీపడటం వ్యర్థం. లేజర్ కోసిన అంచు నల్లగా మాడుతుంది, మందమైన టేకు దానికి అంత సులభంగా లొంగదు. ఒకటి రెండు మాత్రమే కావలసిన పనులు, ముప్పావు అంగుళం టేకు అక్షరాలు, పాత మందిరానికి విరిగిన జాలీ ముక్క, బడిపిల్లలకు చెక్క దేశపటాలు, ఇవీ ఈ యంత్రానికి తగిన పనులు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి వంటి మెత్తని కర్ర దొరికితే కొత్తచేతికి అనుకూలం. దొరకనిచోట పార్సెల్ పెట్టెల పైన్ చెక్కను మేకులు పూర్తిగా తీసి వాడుకోవచ్చు.

అప్పు చేసి పెద్ద యంత్రం కొనటం కంటే, ముందు చేతిరంపం, పిదప వేగం మార్చుకోగల 16 అంగుళాల సాదాకొస యంత్రం, ఆ యంత్రం సంపాదించిన సొమ్ముతో మెరుగైనది అనే క్రమం క్షేమకరం. సాంచా పని నేర్చేటప్పుడు పెద్దలు మొదటి రోజే నాలుగు మగ్గాలు అప్పగించలేదు. ఇక్కడా అదే పద్ధతి వర్తిస్తుంది.